నెల్లూరు దక్షిణ తీరం: వలసపాలన కాలపు పుస్తకాలు, యాత్రారచనలు

కోట, వాకాడు, చిట్టమూరు, గూడూరు ప్రాంతాలతో కూడిన నెల్లూరు దక్షిణ తీరం గురించి 17వ శతాబ్ది నుంచి స్వాతంత్ర్యం వచ్చేదాకా చాలామంది రాశారు. వారిలో ఐరోపావాళ్లున్నారు, వాళ్ల కొలువులో పనిచేసిన తెలుగువాళ్లున్నారు, తమ పనిమీద ఈ దారిన వెళ్లిన తెలుగు యాత్రికులూ ఉన్నారు. ఆ పుస్తకాల పరిచయమే ఈ వ్యాసం. కోటను 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాలో చేర్చారు. పాత పుస్తకాల్లో మాత్రం దాని వివరాల కోసం నెల్లూరు జిల్లా, గూడూరు తాలూకా పుటలే తిప్పాలి.

ఆ కాలంలో హిమాలయ సీమలపై వచ్చిన సాహిత్యం వేరే తీరున ఉంటుంది. జోసెఫ్ హుకర్ 1854లో అచ్చువేసిన 'హిమాలయన్ జర్నల్స్', వాడెల్ 1899లో రాసిన 'అమాంగ్ ది హిమాలయాస్' కొండల్ని చూడాలనే బయలుదేరినవాళ్ల రాతలు. 1882–86 మధ్య మూడు సంపుటాలుగా వచ్చిన అట్కిన్సన్ హిమాలయ జిల్లాల గెజిటీర్ కచేరీ పుస్తకమే అయినా, అందులోనూ మొక్కలకు, జంతువులకు, తీర్థాలకు పెద్దపీట వేశారు. నెల్లూరు తీరానికి అలా చూడాలనే కోరికతో వచ్చినవాళ్లు అరుదు. సముద్రం మీద పోయేవాళ్లకు ఇది ఓడలు నేలతట్టే ఇసుకమేటల తీరం. నేలమీద పోయేవాళ్లకు మద్రాసుకూ మచిలీపట్నానికీ మధ్య దాటాల్సిన ఏళ్లూ వాగులూ. గూడూరు, నాయుడుపేటల మీదుగా పోయే పెద్ద రహదారికి తూర్పున, ఓడల దారికి పడమట ఉన్న కోట లాంటి ఊళ్లు ఆ ఇద్దరి కంటికీ ఆనలేదు. పన్ను లెక్కలు, శాసనాలు, మిషనరీ ఉత్తరాలు రాసినవాళ్ల దగ్గరికి వచ్చాకే ఈ లోపలి పల్లెలు కాగితం మీదికి ఎక్కాయి.

దుగరాజపట్నం: మద్రాసుకు ముందటి కథ

ఇంగ్లీషువారి రాతల్లో ఈ తీరం మొదట కనిపించేది వాకాడు దాపున ఉన్న దుగరాజపట్నం పేరుతో కాదు, 'ఆర్మగాన్' అనే పేరుతో. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకశాల తెరిచింది. అక్కడ గోల్కొండ అధికారుల వసూళ్లతో వేగలేక, దక్షిణాన పులికాటులో 1610 నుంచి పాతుకుపోయిన డచ్చివారి పోటీకి తట్టుకోలేక, 1626లో దుగరాజపట్నంలో స్థలం సంపాదించింది. ఊరి కరణం ఆరుముగ మొదలియారు సాయం చేశాడనీ, ఆ కృతజ్ఞతతో అతని పేరే ఈ స్థావరానికి పెట్టుకున్నారనీ చెబుతారు. 1628 నాటికి అక్కడ పన్నెండు ఫిరంగులు మోహరించాయి. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్లు ఆయుధాలతో కాపు పెట్టుకున్న మొదటి స్థావరం ఇదే.

అది ఎక్కువ కాలం నిలవలేదు. చుట్టుపక్కల దొరికే బట్ట కంపెనీకి గిట్టుబాటు కాలేదు. 1634లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా బంగారు ఫర్మానా ఇవ్వడంతో మచిలీపట్నం మళ్లీ ఊపిరి పోసుకుంది. ఆర్మగాన్ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే దక్షిణాన మంచి చోటు వెతుక్కుంటూ పోయి, మద్రాసపట్నం దగ్గర బట్ట ఇంకా చవకని కంపెనీకి నచ్చజెప్పాడు. 1639 ఆగస్టులో అక్కడ కోట కట్టుకోవడానికి అనుమతి దొరికింది. 1640 ఫిబ్రవరిలో డే, ఆండ్రూ కోగన్ దుగరాజపట్నం నుంచి సిబ్బందితో, సామగ్రితో కదిలి వెళ్లారు. సెయింట్ జార్జి కోట చరిత్ర మొదలైన రోజుతోనే ఈ తీరపు వర్తకశాల చరిత్ర ముగిసింది.

ఈ కథ కంపెనీ ఉత్తరాల్లోనే మిగిలి ఉండగా, దాన్ని పుస్తకాల్లోకి తెచ్చినవాడు విలియం ఫాస్టర్. లండన్‌లోని ఇండియా ఆఫీసు దస్తావేజుల్ని గాలించి 'ది ఇంగ్లీష్ ఫ్యాక్టరీస్ ఇన్ ఇండియా' అనే సంపుటాల వరుసను, 1902లో సెయింట్ జార్జి కోట స్థాపన మీద చిన్న పుస్తకాన్ని వెలువరించాడు. హెన్రీ డేవిసన్ లవ్ 1913లో నాలుగు సంపుటాలుగా అచ్చువేసిన 'వెస్టిజెస్ ఆఫ్ ఓల్డ్ మద్రాస్' ఆ పని కొనసాగించింది. రెండింటిలోనూ ఒక లోపం ఉంది. దుగరాజపట్నాన్ని అవి మద్రాసుకు మెట్టుగా మాత్రమే చూశాయి. ఆ పదమూడు, పద్నాలుగేళ్లు అక్కడ మగ్గాల దగ్గర కూర్చున్నవాళ్లు, పడవలు నడిపినవాళ్లు, కంపెనీ వెళ్లిపోయాక ఆ ఊరు ఏమైంది అన్న ప్రశ్నలు ఆ పుటల్లో లేవు. ఈ తీరం కోసం చదివేవాళ్లు ఫాస్టర్ రాసిన పీఠికల కన్నా ఆయన అచ్చువేసిన అసలు ఉత్తరాల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

కంపెనీ వెళ్లిపోయినా ఓడల పుస్తకాల్లో ఆర్మగాన్ పేరు మిగిలింది. జేమ్స్ హార్స్‌బర్గ్ 19వ శతాబ్ది తొలి ఏళ్లలో తూర్పు సముద్రాల నావికుల కోసం కూర్చిన మార్గదర్శిని తరతరాల కెప్టెన్లకు చేతిపుస్తకమైంది. అందులో ఈ తీరమంటే లోతులూ మేటలూ గుర్తులే. ఇక్కడి రేవు ఆలోచన ఇప్పటికీ చావలేదు. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో దుగరాజపట్నం పెద్ద ఓడరేవు హామీగా చోటు చేసుకుంది.

రహదారి మీది రాతలు

నేలదారి యాత్రికుల్లో మొదట చెప్పుకోవాల్సింది ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలుసుకోవడానికి మచిలీపట్నంలో బయలుదేరి, తీరం వెంట మద్రాసు దాకా వచ్చి, అక్కడి నుంచి గండికోటకు మళ్లాడు. ఆయన యాత్రలు 1676లో ఫ్రెంచిలో అచ్చయ్యాయి. వాలెంటైన్ బాల్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1889లో వచ్చింది. పులికాటులో జనం మంచినీళ్లు తెచ్చుకునే తీరు ఆయన్ని ఆశ్చర్యపరిచింది. సముద్రం వెనక్కి తీసినప్పుడు ఇసుకలోకి పోయి గుంటలు తవ్వితే తియ్యని నీరు ఊరుతుందని రాశాడు. చెలమ తోడుకుని బతికే కడలంచు పల్లెల నిత్యజీవితం ఒక బయటివాడి కలంలో అంత తొలినాళ్లలోనే నమోదు కావడం విశేషం. రాజుల దర్బారుల మీద తావెర్నియే రాసిన పుటల కన్నా ఈ నాలుగు వాక్యాలే తీరవాసులకు విలువైనవి.

మద్రాసు గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ 1679లో కంపెనీ స్థావరాల తనిఖీకి మచిలీపట్నం దాకా నేలదారిన వెళ్లాడు. ఆయన దినచర్య 1911లో రిచర్డ్ టెంపుల్ సంపాదకత్వంలో అచ్చయింది. అది కొలువువాడి రాత. మజిలీలు, దూరాలు, ఎదురొచ్చి మర్యాదలు చేసిన అధికారులు తప్ప పొలంలో పనిచేసే మనిషి అందులో దొరకడు.

18వ శతాబ్ది చివర నెల్లూరు పేరు కలకత్తా పండితుల చెవిన పడింది. నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుండగా నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. పాత గుడి శిథిలాల్లో ఒక కుండ, ఆ కుండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. వాటిలో చాలావరకు రెండో శతాబ్దికి చెందిన ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టినాలవి. కొన్ని అప్పటికే కరిగిపోయాయి. మద్రాసులో ఉన్నత పదవిలో ఉన్న అలెగ్జాండర్ డేవిడ్‌సన్ రాసిన ఉత్తరాన్ని కలకత్తా పత్రిక 'ఏషియాటిక్ రీసెర్చెస్' రెండో సంపుటం 1790లో అచ్చువేసింది. నెల్లూరు సీమ పురాతత్వం మీద ఇంగ్లీషులో వచ్చిన తొలి రాతల్లో ఇదొకటి. నాణేలు ఎవరెవరి చేతుల్లోకి వెళ్లాయో ఆ ఉత్తరం చెబుతుంది కానీ, వాటిని బయటికి తీసిన రైతు పేరు చెప్పదు.

సామర్లకోటలో కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడిగా పనిచేసిన బెంజమిన్ హైన్ 1814లో లండన్‌లో అచ్చువేసిన 'ట్రాక్ట్స్'లో నెల్లూరు, వెంకటగిరి ప్రాంతాల రాగిఖనిజం గురించి రాశాడు. ఆయనది ప్రయోజనం వెతికే చూపు. రాయి కనిపిస్తే అందులో ఏ లోహముందో, అది కంపెనీకి గిట్టుతుందో లేదో చూస్తాడు.

వీళ్లందరినీ పక్కకు నెట్టగల యాత్రికుడు తెలుగువాడే. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. వెళ్లేటప్పుడు కడప, హైదరాబాదుల మీదుగా వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు తూర్పుతీరం దారి పట్టి నెల్లూరు మీదుగా వచ్చాడు. 1836లో ఆయన కన్నుమూశాక, మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె 1838లో 'కాశీయాత్ర చరిత్ర'ను అచ్చువేయించాడు. 1941లో దిగవల్లి వేంకట శివరావు దాన్ని వివరమైన పీఠికతో మళ్లీ తెచ్చారు. నీళ్లు ఎక్కడ బాగుంటాయి, సత్రం ఉందా లేదా, అంగళ్లలో ఏమేం దొరుకుతాయి, ఏటి దాటు ఎలాంటిది, ఊళ్లో ఏ కులాలవాళ్లున్నారు అన్నవే ఆయన చూపులో ముందుంటాయి. పల్లకీ మీద, పెద్ద పరివారంతో పోయినా, ఆయన అడిగిన ప్రశ్నలు నడిచిపోయే బాటసారికి పనికొచ్చేవి. ఐరోపా యాత్రికుడికి తీరం దాటాల్సిన చోటైతే, వీరాస్వామయ్యకు అది వండుకుని తిని పడుకోవాల్సిన చోటు. ఆ తేడా ప్రతి పుటలోనూ తెలుస్తుంది.

మెకంజీ కొలువులోని తెలుగువారు

1801లో ఆర్కాటు నవాబు రాజ్యాన్ని కంపెనీ పూర్తిగా కలుపుకోవడంతో నెల్లూరు సీమ దాని పాలనలోకి వచ్చింది. ఆ కాలంలోనే కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ ఊరూరా కైఫీయతులు, శాసనాలు, వంశావళులు సేకరింపజేస్తున్నాడు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు ఆ పనికి ఆయువుపట్టు. అన్న బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే చనిపోగా, లక్ష్మయ్య 1821లో మెకంజీ మరణించేదాకా, ఆ తర్వాతా ఆ సేకరణ భారాన్ని మోశాడు. మరో తమ్ముడు వెంకట రామస్వామి 1828లో దక్కను ఊళ్ల మీద, 1829లో దక్కను కవుల మీద ఇంగ్లీషులో పుస్తకాలు అచ్చువేశాడు. వలసపాలకుల భాషలో తన దేశాన్ని తానే పరిచయం చేసిన తొలి తెలుగువారిలో ఆయన ఒకడు.

కైఫీయతు ఊరి కరణం చెప్పిన చరిత్ర. దేవుడు వెలిసిన కథ, చెరువు తవ్వించిన రాజు, మాన్యాల వివాదాలు అందులో కలగలిసి ఉంటాయి. అందులో తేదీలు తప్పిపోవచ్చు, వంశాలు తారుమారు కావచ్చు. అయినా, ఊరు తన్ను తాను ఎలా తలుచుకుందో చెప్పే రాతలు అంతకు ముందు ఇంత పెద్ద ఎత్తున సేకరణ కాలేదు.

మిషనరీల ఉత్తరాలు

అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ల తరబడి ఫలితం కనిపించక, మిషన్‌ను మూసేయాలా అన్న చర్చ అమెరికాలో సాగింది. 1853లో శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ దీన్ని 'ఒంటరి నక్షత్రం'గా సంబోధిస్తూ రాసిన పద్యంతో ఆ పేరే మిషన్‌కు నిలిచింది. 1873 నుంచి నెల్లూరులో ఉన్న డేవిడ్ డౌనీ తన మిషన్ చరిత్రకు అదే పేరు పెట్టాడు. జాన్ క్లఫ్ ఒంగోలు అనుభవాలు 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్'గా 1914లో వెలువడ్డాయి. మాదిగల జీవితం మీద ఆయన భార్య ఎమ్మా 1899లో 'వైల్ సోయింగ్ శాండిల్స్' రాసింది. ప్రచారం కోసం రాసినవి కాబట్టి ఈ పుస్తకాల్లో అతిశయం తప్పదు. కానీ మాదిగ పెద్దలు, దళిత స్త్రీలు పేర్లతో, మాటలతో కనిపించేది వీటిలోనే. కలెక్టరు పుస్తకంలో వాళ్లు జనాభా లెక్క మాత్రమే.

కోట చుట్టుపక్కల ప్రాంతానికి మరింత దగ్గరివాళ్లు జర్మన్ లూథరన్లు. ఆగస్ట్ మీలియుస్ నాయకత్వంలో హెర్మన్స్‌బుర్గ్ మిషన్ 1860ల నుంచి నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు, వాకాడుల్లో స్థావరాలు పెట్టింది. వాళ్లు రాసే ఉత్తరాలు జర్మనీలోని హెర్మన్స్‌బుర్గ్ పల్లె నుంచి 1854 మొదలుకొని వెలువడిన మిషన్ పత్రికకు వెళ్లేవి. స్వర్ణముఖి ఒడ్డు పల్లెల వానలూ కరువులూ రోగాలూ గురించి మద్రాసు దొరల కన్నా ఆ పల్లె ఉన్న హానోవర్ సీమ రైతులే ఎక్కువ చదివి ఉంటారు. ఈ జర్మన్ రాతలు తెలుగు పరిశోధకుల చూపు పడాల్సినంతగా పడని ఖజానా.

జిల్లా మాన్యువల్, ఆ తర్వాత

1860ల్లో మద్రాసు ప్రభుత్వం జిల్లాకొక మాన్యువల్ రాయించడం మొదలుపెట్టింది. నెల్సన్ మదురై మాన్యువల్ 1868లో, కార్మైకేల్ విశాఖపట్నం మాన్యువల్ 1869లో వచ్చాయి. నెల్లూరు మాన్యువల్‌ను జాన్ బాస్వెల్ కూర్చగా 1873లో ప్రభుత్వ ముద్రణాలయం వెలువరించింది. బాస్వెల్ అంతకు ముందు కృష్ణా జిల్లా పురాతన శిథిలాల మీద నివేదిక రాసినవాడు. ఆనాటి నెల్లూరు జిల్లా ఒంగోలు దాకా విస్తరించి ఉండేది. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లాకు పోయింది. జమీందారీలు, కులాలు, పంటలు, ఉప్పు, పశువులు, చరిత్ర అన్నీ ఈ పెద్ద పుస్తకంలో ఉన్నాయి. తర్వాతివాళ్లు దశాబ్దాల పాటు దీన్నే ఆధారంగా చేసుకున్నారు. ఎడ్గార్ థర్‌స్టన్ తర్వాత తెచ్చిన కులాల సంపుటాల్లో నెల్లూరు మాన్యువల్ పేరు మాటిమాటికీ వస్తుంది.

పన్ను వసూలుదారు పుస్తకం కావడం దీని బలమూ బలహీనతా కూడా. ఏ నేల ఎంత పండుతుందో చెప్పేటప్పుడు నమ్మదగింది. ఏ కులం స్వభావం ఎలాంటిదో చెప్పేటప్పుడు నమ్మరానిది. 1880లో విలియం కింగ్ రాసిన నెల్లూరు భూగర్భ నివేదికకు, అభ్రకం గనుల మీద 1902లో హాలండ్ రాసిన పుస్తకానికి ఈ ఇబ్బంది లేదు. జిల్లా గెజిటీర్‌ను 1938 దాకా సవరించి 1942లో వెలువరించారు. వెంకటగిరి రాజుల చరిత్రను అల్లాడి జగన్నాథశాస్త్రి 1922లో ఇంగ్లీషులో రాయగా, 'వెలుగోటివారి వంశావళి'ని నేలటూరి వేంకటరమణయ్య 1939లో పరిష్కరించి ప్రచురించారు.

శాసన సంపుటాలు

1905లో అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా రాగిరేకుల, రాతి శాసనాలను మూడు సంపుటాల్లో అచ్చువేశారు. తాలూకాల వారీగా, ఊరూరి గుళ్ల గోడల మీది, పొలాల్లో పడి ఉన్న రాళ్ల మీది రాతల్ని ఒకచోట చేర్చారు. ఒక జిల్లా శాసనాలకు ఇంత సమగ్రమైన సంకలనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ రోజుల్లో అరుదు. బటర్‌వర్త్ 1923లో తన కొలువు జ్ఞాపకాలనూ పుస్తకంగా తెచ్చాడు. అది కాలక్షేపానికి చదవొచ్చు. శాసన సంపుటాలు మాత్రం ఇప్పటికీ పని చేస్తున్నాయి.

గూడూరు తాలూకా శాసనాల్లో తెలుగుతో పాటు తమిళం విరివిగా కనిపిస్తుంది. పల్లవులు, చోళులు, తెలుగు చోడులు ఏలిన నేల కాబట్టి అది సహజమే. కోటకు చేరువలోని మల్లాం శాసనం వీటిలో చెప్పుకోదగింది. శాసనశాఖ సేకరించి, 1943లో పల్లవ శాసనాల సంపుటంలో చేర్చిన ఈ తమిళ శాసనం పల్లవ రాజు కంపవర్మ 20వ పాలనా సంవత్సరానిది. ఒక వీరుడు తన ఒంటి తొమ్మిది చోట్ల నుంచి మాంసం కోసి, చివరికి తలనే భటారి దేవికి అర్పించాడని, ఆ త్యాగానికి భూమి దానం చేశారని అది చెబుతుంది. దక్షిణాదిలో తలను బలి ఇచ్చుకునే ఆచారం మీద రాసేవాళ్లు మల్లాం పేరు తలవకుండా ముందుకు పోలేరు. ఏ యాత్రికుడూ ఆగని ఊరు ఇలా ఒక రాయి వల్ల విద్వత్ గ్రంథాల్లోకి చేరింది.

యానాదులు

ఈ తీరపు జనం గురించి రాసినవాళ్లలో చాలామంది యానాది గిరిజనుల దగ్గర ఆగారు. కంపెనీ 1835లో శ్రీహరికోటను తీసుకున్నాక, అక్కడి యానాదుల చేత అడవి సరుకులు సేకరింపజేసింది. మద్రాసు మ్యూజియం 1901లో ప్రచురించిన రంగారావు వ్యాసం నెల్లూరు యానాదుల మీద ఆ కాలపు వివరమైన రచన. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో రంగాచారి సాయంతో ఏడు సంపుటాలుగా తెచ్చిన 'కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా' దాన్ని వాడుకుంది.

మూలికల పరిజ్ఞానం, చేపల వేట, ఎలుకల పట్టు గురించి ఆ రచనల్లో ఉన్న వివరాలు విలువైనవి. కానీ మనుషుల తలలు, ముక్కులు కొలిచి జాతి తేల్చే పద్ధతి ఆ పేజీలకు అంటిన మచ్చ. కొలతలతో పాటు నేరస్థులన్న ముద్ర కూడా వేశారు. నేరస్థ జాతుల చట్టం కింద యానాదులను కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంటులో బంధించడానికి దారితీసిన ఆలోచన ఇలాంటి పుస్తకాల భాషలోనే పెరిగింది. ఆ రాతకు జవాబు నెల్లూరు నుంచే వచ్చింది. యానాదుల హక్కుల కోసం జీవితాన్ని ధారపోసిన వెన్నెలకంటి రాఘవయ్య 1962లో 'ది యానాదీస్' ప్రచురించారు. కాలం రీత్యా ఇది వలసపాలన తర్వాతిది. అయినా థర్‌స్టన్‌ను చదివినవాళ్లు దీన్ని చదవకుండా ఆగిపోతే సగమే చదివినట్టు.

కరువు, కాలువ

1876–78 ధాత కరువు మీద విలియం డిగ్బీ 1878లో రెండు సంపుటాలు రాశాడు. కరువు పీడిత జిల్లాల్లో నెల్లూరు ఒకటి. ఆ కరువు పనుల్లో తీరం వెంట కాలువ తవ్వకం పెద్ద ఎత్తున సాగింది. 1801లో బాసిల్ కాక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరు వైపు మొదలుపెట్టిన కాలువ, 1878లో గవర్నరు పేరు మీద బకింగ్‌హాం కాలువ అయింది. ఉత్తరాన పెదగంజాం దాకా సాగి, దుగరాజపట్నం, కృష్ణపట్నాల ఉప్పునూ కట్టెలనూ ధాన్యాన్నీ మద్రాసుకు చేరవేసింది. ఇంజనీరు రసెల్ 1898లో రాసిన కాలువ చరిత్రలో లాకులు, పూడిక, నిర్వహణ ఖర్చు అన్నీ ఉన్నాయి. కరువు పనుల కూలీలతో ఆ కాలువ తవ్వించిన సంగతి కోసం మాత్రం డిగ్బీనే తెరవాలి.

ఈ పుస్తకాల్లో కోట ప్రాంతం చరిత్ర తెలుసుకోవాలనుకునేవారు మొదట చేతికి తీసుకోవాల్సింది 1905 నాటి బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి శాసన సంపుటాలే. బాస్వెల్ మాన్యువల్ కలెక్టరు చూపుకు లోబడింది. ఫాస్టర్, లవ్‌ల పుస్తకాలు మద్రాసు వైపు చూస్తాయి. యాత్రికులు రహదారి దిగి రాలేదు. శాసన సంపుటాలు ఊరి పేరుతో మొదలుపెట్టి ఊరి రాయి దగ్గరే ఆగుతాయి. అందులో పేర్కొన్న రాళ్లలో ఎన్ని ఇంకా నిలబడి ఉన్నాయో, ఎన్ని సున్నం కింద, సిమెంటు కింద పోయాయో కోట, వాకాడు, చిట్టమూరు ఊళ్ల చదువుకున్న యువత ఆ సంపుటాలు పట్టుకుని గుడి గుడికీ తిరిగి చూసి రాయాలి.